అయస్కాంత తుఫాను దిగిపోతున్నప్పుడు రేడియో బ్యాండ్ ఎందుకు మూగబోయింది? నిజంగా పైన గాలి పనేనా?

మల్కాజిగిరి హామ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లుగా హామ్ రేడియో, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడపడం, నా లోకం. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇనప పైపు నిలబెట్టి ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా కట్టుకున్నాను. వంద వాట్ల సెట్టు. లాగ్ (ఎప్పుడు ఏం వినిపించిందో రాసే చిట్టా) మాత్రం ఇప్పటికీ కాగితం మీదే, పెన్నుతో రాస్తాను.

మొన్న అలమర సర్దుతుంటే 2024 నాటి లాగ్ పుస్తకం బయటపడింది. మే 11 పేజీ దగ్గర ఆగిపోయాను. ముందు రోజు శుక్రవారం, అక్షయ తృతీయ. ఆ రాత్రి 10:35కి భూ అయస్కాంత తుఫాను మొదలైంది. 2003 తర్వాత అంత పెద్దది రాలేదు. తెల్లారేసరికి లడఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడ్డ ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. నేను మాత్రం సెట్టు ముందు కూర్చుని ఇలా రాసుకున్నాను (14, 21, 28 అన్నవి మేం వాడే బ్యాండ్లు, అంటే ఫ్రీక్వెన్సీల వరసలు, మెగాహెర్ట్జ్‌లలో):

"ఉదయం 6:55. అన్ని బ్యాండ్లూ ఒక్కసారిగా డల్.
7:50. 14 మెగాహెర్ట్జ్ తిరిగొచ్చింది.
11:30. 28లో రోజూ వినిపించే యూరప్ వాళ్లు లేరు.
సాయంత్రం 4:10. 28 పూర్తిగా నిశ్శబ్దం. 21లో ఒకే స్టేషన్, బావిలోంచి మాట్లాడుతున్నట్టు. 14 పర్వాలేదు. కనెక్టర్ విప్పి చూసి మళ్లీ బిగించాను. తేడా లేదు."

ఆ కనెక్టర్ కోసం ఎండలో మేడెక్కాను. పైపు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. యాంటెన్నాలో లోపమేమీ లేదు.

నా సందేహం ఇదీ. తుఫాను బలాన్ని చూపే డీఎస్‌టీ సూచీ 11న ఉదయం 8 ప్రాంతంలో సున్నాకి 400 నానోటెస్లాల దిగువకి పడిపోయింది. అదే అడుగు. అక్కడినుంచి పగలంతా పైకి లేస్తూ వచ్చింది. అంటే తుఫాను దిగిపోతున్నకొద్దీ నా 28 ఇంకా చచ్చిపోయింది! 12 ఆదివారమూ అంతే. 13న లోక్‌సభ పోలింగ్, ఓటేసి వచ్చి సెట్టు పెడితే అప్పుడు కొంచెం ప్రాణం కనిపించింది. దెబ్బ రాత్రి తగిలితే నొప్పి మర్నాడు సాయంత్రం ఎందుకు?

ఒక పాత మిత్రుడు "అది పైన గాలి చేసిన పని" అన్నాడు, అంతకు మించి చెప్పలేదు. గాలికీ రేడియోకీ ఏమిటి సంబంధం? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.


కూకట్‌పల్లి కుర్రాడు:

అంకుల్, అది సోలార్ ఫ్లేర్ (సూర్యుడి మీద పేలుడు) వల్ల. మే 11న ఉదయం 6:53కి ఎక్స్5.8 ఫ్లేర్, అంటే బాగా పెద్దది, వచ్చింది. ఫ్లేర్ వస్తే అయనోస్ఫియర్‌లో (ఎగువ వాతావరణంలో ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే పొరల్లో) అన్నిటికన్నా కింద ఉండే డి పొర చిక్కబడి షార్ట్‌వేవ్‌ని మింగేస్తుంది. మీ లాగ్‌లో 6:55 అని రాశారు కదా, సరిగ్గా సరిపోయింది.


మూసారాంబాగ్ మాస్టారు:

మల్కాజిగిరి మిత్రులకు నమస్కారం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ లాగ్ పేజీ మూడుసార్లు చదివాను. ఇలా గంటలతో సహా రాసి పెట్టుకునేవాళ్లు ఉండబట్టే ఇలాంటి విషయాలు మాట్లాడుకోగలుగుతున్నాం.

కుర్రాడు చెప్పింది నిజమే, కానీ అది మీ మొదటి వాక్యానికి మాత్రమే జవాబు. ఫ్లేర్ అంటే వెలుగు. సూర్యుడి నుంచి ఎనిమిది నిమిషాల్లో వస్తుంది, పగలున్న వైపే కొడుతుంది, గంటా గంటన్నరలో సర్దుకుంటుంది. మీకు 7:50కి 14 తిరిగొచ్చింది చూడండి, అక్కడితో దాని కథ ముగిసింది. పైగా ఫ్లేర్ మింగేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీలను ముందు మింగుతుంది. సాయంత్రం మీకు జరిగింది దానికి తిరగబడి ఉంది: 28 పోయింది, 14 నిలిచింది. ఆ ఒక్క గుర్తుతోనే ఇది వేరే వ్యవహారమని తేలిపోతుంది. మీ మిత్రుడు చెప్పిన గాలి పని అదే.

మా ఇల్లు మూసారాంబాగ్ వంతెనకు దగ్గర. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో రాగానే నేను చేతిలో గొడుగుతో ఒడ్డుకు వెళ్లి నిలబడతాను, చిన్నప్పటి అలవాటు. ఎన్నోసార్లు గమనించాను: మొదట నీటి మట్టం లేస్తుంది. కానీ ఆ లేచిన నీళ్లు ఇంకా మన నల్ల నీళ్లే, నిన్నటి మురుగే. పైనుంచి వచ్చిన తోపుకి అవి ఉబ్బాయంతే. గేట్ల దగ్గర బయల్దేరిన ఎర్ర నీళ్లు చాలాసేపటికి గానీ వంతెన కిందికి రావు. అల ముందు, నీళ్లు వెనక. ఇక గేట్లు దించేశాక? మట్టం తగ్గుతుంది కానీ ఎర్ర నీళ్లు పోతూనే ఉంటాయి.

మే 10 రాత్రి భూమి పైన జరిగింది కూడా ఇదే వరస.

గేట్లు ఎత్తింది ధ్రువాల దగ్గర. సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత మేఘం దక్షిణ దిక్కుగా తిరిగి ఉంటే భూమి అయస్కాంత క్షేత్రంతో ముడిపడి, దాని శక్తి ధ్రువాల చుట్టూ ఉన్న ఎగువ వాతావరణంలోకి దిగుతుంది. అక్కడి విద్యుత్ క్షేత్రం అయాన్లను (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువుల్ని, పరమాణువుల్ని) సెకనుకి కిలోమీటరు పైచిలుకు వేగంతో లాగుతుంది. 300 కిలోమీటర్ల ఎత్తున ఒక్కో అయాన్ చుట్టూ దాదాపు వెయ్యి మామూలు అణువులుంటాయి. అయాన్ వాటిని రాసుకుంటూ పోతుంది. చేతులు రుద్దుకుంటే ఏమవుతుందో అదే: ఒకటి వేడి, రెండు తోపు. పెద్ద తుఫానులో ఈ రాపిడి వేడి, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఇచ్చే వేడిని కూడా మించిపోతుంది.

మామూలు రోజుల్లో ఆ ఎత్తున గాలి పగటి వైపు నుంచి రాత్రి వైపుకి వీస్తుంది, సెకనుకి నూరు మీటర్ల లెక్కన. గంటకి 360 కిలోమీటర్లన్నమాట. బంగాళాఖాతం తుఫానుల్లో ఎన్నడూ చూడని వేగం అక్కడ ప్రశాంతమైన రోజు వేగం! అయస్కాంత తుఫానులో ధ్రువాల దగ్గర అది సెకనుకి అర కిలోమీటరు దాటుతుంది. వేడెక్కి ఉబ్బిన గాలి భూమధ్యరేఖ వైపు దొర్లుతుంది.

ముందు వచ్చేది అల. దాని వేగం సెకనుకి 600 నుంచి 800 మీటర్లు. ధ్రువ ప్రాంతపు అంచు నుంచి హైదరాబాద్‌కి ఆరు వేల కిలోమీటర్లు వేసుకోండి, రెండు మూడు గంటల్లో చేరిపోతుంది. రాత్రి 10:35కి గేట్లు ఎత్తితే ఒంటిగంటన్నరకల్లా మీ మేడ మీదుగా దాటిపోయింది, మీరు నిద్రలో ఉన్నారు.

వెనక వచ్చేది అసలు గాలి, మన ఎర్ర నీళ్లు. సెకనుకి 200 మీటర్లు అనుకున్నా ఎనిమిది గంటలు. మధ్యలో అడ్డంకులున్నాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ఇందులో ఎర్ర మట్టి ఏమిటంటే నత్రజని. ధ్రువాల దగ్గర కింద పొరల్లోంచి ఉబికి వచ్చిన గాలిలో నత్రజని అణువులు ఎక్కువ, ఆక్సిజన్ పరమాణువులు తక్కువ. మీ రేడియో అలల్ని తిప్పి పంపే ఎఫ్ పొర నిలబడేది ఆక్సిజన్ పరమాణువుల మీద. ఎండ తగిలి ఆక్సిజన్ అయాన్‌గా మారితే ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. ఆ అయాన్ ఒంటరిగా ఉంటే ఎలక్ట్రాన్‌తో త్వరగా కలవలేదు, అందుకే పొర నిలుస్తుంది. నత్రజని వచ్చి తగిలితే అయాన్ నైట్రిక్ ఆక్సైడ్ రూపం ఎత్తుతుంది, ఆ రూపంలో ఎలక్ట్రాన్‌ని చటుక్కున పట్టేస్తుంది. నత్రజని పెరిగినకొద్దీ ఎలక్ట్రాన్లు హరించుకుపోతాయి.

లెక్క చూడండి. మంచి రోజున ఎఫ్ పొర నిట్టనిలువుగా 12 మెగాహెర్ట్జ్ దాకా తిప్పి పంపిందనుకుందాం. ఏటవాలుగా దూరం పోయే అలకి అది మూడింతలు, అంటే 36. మీ 28 హాయిగా పోతుంది. ఎలక్ట్రాన్లు సగానికి పడితే ఫ్రీక్వెన్సీ సగం కాదు, వర్గమూలం లెక్కన పడుతుంది: 12 కాస్తా ఎనిమిదిన్నర, 36 కాస్తా 25 చిల్లర. 28 పొరని చీల్చుకుని ఆకాశంలోకి పోతుంది, 21 అంచు మీద ఊగుతుంది, 14 బతికే ఉంటుంది. మీ సాయంత్రం 4:10 వాక్యం అచ్చంగా ఇదే.

ఇంకో మాట. యూరప్ వైపు మీ అల మొదట పైన తగిలేది రాజస్థాన్, పాకిస్తాన్ సరిహద్దుల పైన. రెండోసారి కాస్పియన్ చుట్టుపక్కల. హైదరాబాద్ పైన పొర ఎలా ఉన్నా, ఆ ఉత్తరపు మెట్టు విరిగితే దారి తెగినట్టే. నత్రజని ముందు ముంచేది ఆ మెట్టునే.


ఓయూ విద్యార్థిని:

సార్, ఒక చిన్న డౌట్. 300 కిలోమీటర్ల పైన శూన్యం కదా, గాలి అని ఎలా అంటాం? అక్కడ నిలబడితే మనకి తగులుతుందా?


మూసారాంబాగ్ మాస్టారు:

తగలదమ్మా. మనం పీల్చే గాలితో పోలిస్తే అది వేల కోట్ల వంతు పలచన. ఒక అణువు ఇంకోదాన్ని గుద్దుకోవడానికి కిలోమీటర్లు ప్రయాణించాలి. కానీ శూన్యం కాదు. అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఆ పలచటి గాలి రాపిడికే కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడూ ఇంజన్లు వెలిగించి పైకి నెట్టాలి. 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ ఉపగ్రహాలు 49 ఎగరేస్తే, దాదాపు 210 కిలోమీటర్ల ఎత్తున ఉండగా తుఫాను తగిలి గాలి చిక్కబడింది. 40 దాకా రాలిపోయాయి. అది పెద్ద తుఫాను కూడా కాదు.

ఆ గాలి వేగాన్ని నేలమీద నిలబడే కొలవచ్చు, ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అక్కడి ఆక్సిజన్ పరమాణువులు రాత్రిళ్లు 630 నానోమీటర్ల ఎర్ర వెలుగు విడుస్తాయి. శక్తి అందాక పరమాణువు ఆ వెలుగు విడవడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. కింద గాలి చిక్కగా ఉంటే ఈలోగా ఇంకో అణువు గుద్ది ఆ శక్తిని లాగేసుకుంటుంది. పలచగా ఉన్న 250 కిలోమీటర్ల ప్రాంతంలోనే రెండు నిమిషాలు ఓపిక పట్టే వీలుంది. హన్లే ఫొటోల్లో కనిపించిన ఎరుపు కూడా ఈ 630దే. పరమాణువు మనవైపు కదులుతుంటే దాని రంగు రవ్వంత మారుతుంది, రైలు దగ్గరికొస్తుంటే కూత మారినట్టు. సెకనుకి నూరు మీటర్ల గాలికి వచ్చే తేడా 0.0002 నానోమీటర్లు. ఫాబ్రీ–పెరో అనే పరికరం రెండు అద్దాల మధ్య ఆ వెలుగుని అటూ ఇటూ కొట్టించి, వలయాలుగా పరిచి ఆ తేడాని పట్టుకుంటుంది. ఒక దిక్కుకి తిప్పి ఒకసారి, ఎదురు దిక్కుకి తిప్పి ఒకసారి చూస్తే గాలి ఎటు ఎంత వీస్తోందో వచ్చేస్తుంది.


నల్గొండ అన్న:

మాస్టారు ఉపగ్రహాలు పడుడు గురించి చెప్తుంటే మా నాయనమ్మ యాదికొచ్చింది. 1979ల స్కైలాబ్ పడ్తదని మా ఊర్ల అందరు ఆగమైన్రంట. ఎట్లాగూ సచ్చిపోతమని కోళ్లు, మేకలు కోసుకొని తిన్నరు. అప్పులిచ్చినోళ్లు అడుగుడు బంద్ వెట్టిన్రు. నాయనమ్మ ఒక్క గొర్రెను మాత్రం కోయనియ్యలే, "రేపు పిల్లలు బతికితే పాలేడికెల్లి తేవాలె" అన్నదంట. ఆ ఏడాది పుట్టినోళ్లకు స్కైలాబ్ అని పేర్లు కూడ పెట్టిన్రు. ఆఖరికి జూలై 11న అది హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కు పడ్డది. నేను అడిగేది ఏందంటే, అది కూడ ఈ గాలి వల్లనేనా?


మూసారాంబాగ్ మాస్టారు:

అన్నా, అవును. మీ నాయనమ్మ గొప్ప మనిషి. 1974 ఫిబ్రవరిలో ఆఖరి వ్యోమగాములు దిగిపోయాక స్కైలాబ్ ఇంకా కొన్నేళ్లు పైనే ఉంటుందని, ఈలోగా స్పేస్ షటిల్ వెళ్లి పైకి నెడుతుందని అనుకున్నారు. సూర్యుడు లెక్కకు మించి చురుకయ్యాడు, ఎగువ వాతావరణం వేడెక్కి ఉబ్బింది, గాలి రాపిడి పెరిగి ముందే కిందికొచ్చేసింది. అందులో రోజువారీ అతినీలలోహిత వేడి వాటా పెద్దది. అయినా మీ ఊళ్లో మేకల్ని కోయించింది 400 కిలోమీటర్ల పైన ఉబ్బిన గాలే.


మల్కాజిగిరి హామ్:

మాస్టారూ, ఇన్నేళ్లుగా ఎఫ్ పొరని అద్దంలాగే ఊహించుకున్నాను, ఆ పొరలోనే నదిలా గాలి పారుతుంటుందని తట్టలేదు. ఒక్కటి మిగిలింది. ఎర్ర నీళ్లు 11 సాయంత్రానికి అర్థమైంది. 12న రోజంతా ఎందుకు? గేట్లు అప్పటికి చాలా మటుకు దిగాయి కదా.


మూసారాంబాగ్ మాస్టారు:

మంచి ప్రశ్న. రెండు కారణాలు, రెండూ గాలిలోనే ఉన్నాయి.

కరెంటు పోయాక కూడా ఫ్యాను కాసేపు తిరుగుతుంది కదా. వెయ్యి అణువుల్ని ఒక్క అయాన్ నెట్టి కదిలించడానికి గంటలు పట్టింది. ఒకసారి కదిలాక అవి ఆగడానికీ గంటలే పడుతుంది. నత్రజని కూడా వచ్చిన దారిన వెంటనే వెనక్కి పోదు. ఒకటి రెండు రోజులు అక్కడక్కడే తిరుగుతుంది.

రెండోది నాకు బాగా ఇష్టమైనది. ఉత్తరం నుంచి దిగే గాలి నిటారుగా దక్షిణానికి రాదు, పడమటికి వాలుతుంది. ఎందుకంటే 65 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల తూర్పుకి సెకనుకి 196 మీటర్ల వేగంతో తిరుగుతుంది. మన హైదరాబాద్ దగ్గర 444 మీటర్లు. అక్కడి వేగంతో బయల్దేరిన గాలి ఇక్కడికొచ్చేసరికి నేలకన్నా వెనకబడుతుంది. కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కబోయినవాడు వెనక్కి తూలినట్టు. దారిలో అయాన్ల రాపిడి ఆ తేడాని బాగా తగ్గిస్తుంది గానీ, పడమటి వాలు మిగులుతుంది.

ఇప్పుడు పడమటికి వీచే ఆ గాలి భూమి అయస్కాంత రేఖల్ని అడ్డంగా కోస్తుంది. సైకిల్ డైనమో గుర్తుందా? అక్కడ రాగి తీగ, ఇక్కడ కాస్త అయాన్లు కలిసిన గాలి. గాలి కదిలితే కరెంటు పుడుతుంది. 1980లో మిషెల్ బ్లాంక్, ఆర్థర్ రిచ్‌మండ్ దీన్ని లెక్కగట్టి చూపించారు. తుఫాను గాలి పుట్టించే ఈ విద్యుత్ క్షేత్రం పగటిపూట భూమధ్యరేఖ దగ్గర రోజూ ఉండేదానికి ఎదురుగా ఉంటుంది.

రోజూ ఉండేది ఏం చేస్తుందంటే, మన దేశపు దక్షిణపు కొస మీదుగా పోయే అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఎలక్ట్రాన్లని ఫౌంటెన్‌లా పైకి ఎగజిమ్ముతుంది. 1963లో తుంబాని రాకెట్లకి ఎంచుకున్నది ఆ రేఖ దగ్గరుందనే. ఎగసిన ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంట జారి ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ వరసలో కుప్ప పడతాయి. హైదరాబాద్, ఎలక్ట్రాన్లు ఎగసిపోయి ఆ రేఖ దగ్గర ఏర్పడే పల్లానికీ ఈ కుప్పకీ మధ్య ఏటవాలు మీద ఉంది. ఎదురు క్షేత్రం వచ్చిందంటే ఫౌంటెన్ మోటారు నీరసిస్తుంది, కుప్ప కరుగుతుంది. మీ యూరప్ అల మొదటి మెట్టు వేసేది ఆ కుప్ప మీదే!

ఈ డైనమో వెంటనే మొదలవదు. గాలి కూడగట్టుకోవాలి కాబట్టి తుఫాను మొదలైన కొన్ని గంటలకి మేల్కొంటుంది, తుఫాను తగ్గాక కూడా ఒక రోజు పైనే నడుస్తుంది. నేలమీద అయస్కాంత సూదికి కూడా ఆ ఆనవాలు చిక్కుతుంది. మన హబ్సిగూడ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), వాళ్ల చౌటుప్పల్ అబ్జర్వేటరీ పగలూ రాత్రీ రాసి పెట్టే గీతలు ఇలాంటివాటికే.

ఇక అది చల్లారడం: తుఫానులో పుట్టిన నైట్రిక్ ఆక్సైడే 5.3 మైక్రోమీటర్ల పరారుణ కిరణాలుగా వేడిని బయటికి వెళ్లగొడుతుంది. మీ ఎలక్ట్రాన్లని హరించిన నత్రజని కుటుంబంలోదే చివరికి జ్వరం కూడా దించుతుంది. 13 నాటికి మీకు ప్రాణం కనిపించిందంటే ఆ చల్లబడటమూ అప్పటికి సాగుతోంది.

నాదో విన్నపం. మళ్లీ తుఫాను వస్తే బీకన్లు (దారి తెరిచి ఉందో లేదో తెలియడానికి సంకేతాలు పంపుతుండే స్టేషన్లు) వినండి. అంతర్జాతీయ బీకన్లు 18 ఉన్నాయి, ఒక్కోటి 14.100 నుంచి 28.200 మెగాహెర్ట్జ్ దాకా ఐదు ఫ్రీక్వెన్సీల మీద వంతులవారీగా పంపుతుంది, మూడు నిమిషాలకో చుట్టు. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తర్వాత నాలుగు గీతలు, అంటే పొడుగు కూతలు: వంద వాట్లు, పది, ఒకటి, పదో వంతు. ఎన్ని గీతలు వినిపించాయో రాస్తే చాలు. శ్రీలంకది, జపాన్‌ది, ఫిన్లాండ్‌ది పక్కపక్క గడుల్లో వేసి రాయండి. ఏ దిక్కు ముందు పోయిందో, ఏది ఎప్పుడు తిరిగొచ్చిందో గాలి అడుగుజాడలా కనిపిస్తుంది.


మల్కాజిగిరి హామ్:

మాస్టారూ, మీరు చెప్పగానే 2024 అక్టోబరు 10 పేజీ తీసి చూశాను. ఆ రాత్రి కూడా పెద్ద తుఫానే. అయితే ఆ రోజు సద్దుల బతుకమ్మ. ఇంట్లో ఆడపిల్లలందరితో చెరువు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి పదకొండు దాటింది, సెట్టు ముట్టుకోలేదు. మర్నాడు ఒకే ముక్క రాశాను: "11:15. 28లో యూరప్ లేదు." గీతలు లెక్కపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడే స్కేలు పెట్టి కొత్త పేజీలో గడులు గీశాను. అడ్డంగా ఐదు ఫ్రీక్వెన్సీలు, నిలువునా పావుగంటలు, గడికి మూడు బీకన్లు. పక్కన ఒక సన్నటి గడి వదిలాను, డీఎస్‌టీ కోసం. ప్రశాంతంగా ఉన్న రోజుది ఒకటి ముందు రాసి పెట్టుకుంటాను, లేకపోతే దేనితో పోల్చాలి? ఈ ఆదివారం ఉదయం ఆరు నుంచి మొదలు. కూకట్‌పల్లి బాబూ, నువ్వూ నీ మేడ మీద అదే గంటల్లో వింటావా?


కూకట్‌పల్లి కుర్రాడు:

తప్పకుండా అంకుల్. ఆ గడుల పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేనూ అలాగే గీసుకుంటాను.